శూన్యమును నిర్మించు విద్యుత్తు



ఎవరి స్మృత్యర్థము మనమీనాడు తాండూరునందు సమావేశమైతిమో, ఆ రసాయనశాస్త్రోపాధ్యాయులు తమ పేరిట సభలు గాని శిలాఫలకములు గాని వెలయుటను జీవితకాలమున సహింపనివారగుటచే, వారి శిష్యులు ఆ యభిమతమును మన్నించి, పేరు చెప్పకయే ఈ యుపన్యాసమును వారికి అంకితము చేసిరి. బండల గనులలో పనిచేయువారి బిడ్డలకును, కందిచేల గట్లవెంబడి నడచివచ్చు బాలబాలికలకును తక్కెడ ముందు నిలుచుటెట్లో నేర్పిన మహనీయులు వారు. పరీక్షనాళికలో కనబడిన మార్పును చక్కగా వర్ణించిన విద్యార్థిని వారు మెచ్చుకొనెడివారు. దానిని తూచి చూపిన విద్యార్థిని గౌరవించెడివారు. వారి స్మృతికి తగిన విషయము తూకముతో ముడివడినదై యుండవలెనని యెంచి, సూక్ష్మరంధ్రములు గల లోహ ఆక్సైడుల నానోకణములను విద్యుద్రసాయన మార్గమున నిర్మించుటను గూర్చి ప్రసంగింపబూనితిని.

పేరు విన్నంతనే ఇది మహానగరములందలి పరిశోధనాలయములకు మాత్రమే చెందిన విద్యయని తోచుట సహజము. కాని దీని మూలసూత్రములలో నొకటి సున్నపు బట్టీలలో తరతరములుగా ఆచరణమందున్నది. మరియొకటి వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండల శిరస్సున ప్రత్యక్షముగా నున్నది. కావున ఊరి రాతినుండియే ఆరంభించెదను.

అతిప్రాచీనమైన సముద్రగర్భమున పొరలు పొరలుగా పేరుకొని గట్టిపడిన సున్నపురాయియే మనము నాపరాయి యనియు, షాబాదు బండ యనియు పిలుచునది. పొరలుగా నేర్పడుటచేతనే అది గనిలో పలకలుగా విడివడి, నీలివన్నెయు పసుపువన్నెయు గల బండలై ఎన్ని యిండ్లలోనో పరచబడినది. శుద్ధమైన సున్నపురాతిని 900 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతమున కాల్చినపుడు, 100 పాళ్ళ బరువులో 44 పాళ్ళు బొగ్గుపులుసు వాయువై వెడలిపోవ, 56 పాళ్ళు కాల్షియం ఆక్సైడు, అనగా పొడిసున్నము, మిగులును. బరువు ఇంత తగ్గినను, మితమైన వేడిమిని కాలిన ముక్క తన బయటి యాకారమును చాలవరకు కోల్పోదు. ఆకారము నిలిచి పదార్థము తగ్గినదనగా లోపల ఖాళీ యేర్పడినదని యర్థము. సాంద్రతలనుబట్టి లెక్కించినచో ఆ ఖాళీ 54 శాతమువరకు ఉండవచ్చును. నీరు చల్లినంతనే పొడిసున్నము బుసకొట్టి విచ్చిపోవుటకు ఈ ఖాళీయే కారణము, ఏలయన నీరు దాని మేనిని మాత్రమే గాక గర్భమునంతటిని ఒక్కమారుగా చేరగలుగుచున్నది. మంట మితిమీరెనా, కణములు ఒండొంటి కంటుకొని రంధ్రములు మూసికొనును. అట్టి సున్నము నీటిలో ఎంతసేపు నానినను విరియక, గోడకు పూసిన పిమ్మట ఎన్నడో విరిసి పూతను పెటిలించును. బాగుగా కాలిన సున్నమును, అతిగా కాలిన సున్నమును రసాయన విశ్లేషణకు ఒక్కటియే. భేదమంతయు రంధ్రములోనున్నది.

ఈ విషయమునే నేను నేడు గట్టిగా చెప్పదలచితిని. ఒక పదార్థమున ఏయే మూలకములు ఎంతెంత పాలున్నవో చెప్పుటతో రసాయనశాస్త్రము ముగియదు. ఆ పదార్థమున ఎంత శూన్యమున్నది, ఆ శూన్యము ఏ పరిమాణముగల గదులుగా విభక్తమైనది, ఆ గదులకు బయటికి దారియున్నదా లేదా అను ప్రశ్నలు దాని గుణములను నిర్ణయించుటలో మూలకములతో సమానమైన స్థానమును వహించును. ఒక గ్రాము జింకు ఆక్సైడును ఒకే ఘనముగా నూహించినచో దాని ఉపరితలము రెండు చదరపు సెంటీమీటర్లకు మించదు. ఆ గ్రామునే 20 నానోమీటర్ల వ్యాసముగల గోళములుగా విభజించినచో ఉపరితలము 50 చదరపు మీటర్లు దాటును. ఆ కణములలో మరల రంధ్రములున్నచో వైశాల్యము ఇంకను పెరుగును. నీటిలోని విషమును పట్టియుంచుట గాని, వెలుతురు సాయమున రంగులను విరుగగొట్టుట గాని, విద్యుత్తును కూడబెట్టుట గాని ఉపరితలముననే జరుగు కార్యములగుటచే, ఈ వైశాల్యమే యిచట ధనము.

ఆ ధనమును విద్యుత్తుతోనే యేల గడింపవలెను? బట్టీవాని సాధనము ఉష్ణము. దానిని సరిగా నిర్ణయించుట కష్టము, తలచిన క్షణమున ఆపుట మరింత కష్టము. విద్యుత్తు అట్టిది కాదు. పుస్తకములు కుట్టు దుకాణమున పనినేర్చుకొనుచు జీవితము నారంభించిన మైకేల్ ఫారడే 1833, 1834 సంవత్సరములలో స్థాపించిన నియమముల ప్రకారము, ద్రావణము గుండా ప్రసరించిన విద్యుత్పరిమాణమునకును, ధ్రువముల వద్ద మార్పునొందిన పదార్థ పరిమాణమునకును నడుమ తప్పని లెక్క యొకటి కలదు: ఒక మోలు ఎలక్ట్రానులకు 96,485 కూలుంబులు. సోడియం బైకార్బొనేటు కలిపిన నీటిలో రెండు జింకు రేకులను ముంచి, ఒక ఆంపియరు విద్యుత్తును ఒక గంటకాలము పంపినచో, ధనధ్రువమైన రేకునుండి 1.22 గ్రాముల జింకు అయానులై ద్రావణములోనికి దిగవలెను. ఋణధ్రువము వద్ద నీరు విచ్ఛిన్నమై ఉదజని బుడగలుగా లేచిపోవును. హైడ్రాక్సైడు అయానులు మిగులును. ఆ జింకు అయానులును ఈ హైడ్రాక్సైడు అయానులును కలిసికొన్న తావున తెల్లని అవక్షేపము పుట్టును. దానిని వడగట్టి, కడిగి, ఆరబెట్టి, కొన్నివందల డిగ్రీల వేడిమికి గురిచేసినచో జింకు ఆక్సైడు లభించును. లెక్క ప్రకారము 1.52 గ్రాములు. బైకార్బొనేటు ద్రావణమున పుట్టిన అవక్షేపమునందు కార్బొనేటు కూడ చేరియుండుటచే, వేడిచేయునపుడు నీటితోబాటు బొగ్గుపులుసు వాయువును వెడలిపోయి తామున్న చోటులను ఖాళీచేయును. బట్టీలో 900 డిగ్రీల వద్ద రాతిముక్కయందు జరుగునదియే ఇచట అంతకంటె ఎంతయో తక్కువ వేడిమిలో, కంటికి కానరాని కణమునందు జరుగుచున్నది.

పొరుగు కర్ణాటకమున కువెంపు విశ్వవిద్యాలయపు రసాయనశాస్త్రజ్ఞులు ఇంచుమించు ఈ మార్గముననే జింకు ఆక్సైడు నానోకణములను నిర్మించి, అవి వెలుతురునందు రంగులను విరుగగొట్టు విధమును 2012లో ప్రకటించిరి. ఇందులకు కావలసిన పరికరములు ఏవి? గాజుపాత్ర, రేకులు, ఏకముఖ విద్యుత్తు నిచ్చు పెట్టె, ఆంపియరు మీటరు, కొలిమి, మంచి తక్కెడ. డిగ్రీ కళాశాలకు ఇవి అందనివి కావు.

కణముల పరిమాణము సైతము విద్యుత్తు చెప్పుచేతలలో నుండుననుటకు జర్మనీ దేశమున మాన్‌ఫ్రెడ్ రేట్జ్, వోల్ఫ్‌గాంగ్ హెల్బిగ్ అను వారలు 1994లో పలాడియము లోహముతో చూపిన నిదర్శనము ప్రసిద్ధము. ధనధ్రువమున కరగిన లోహము ఋణధ్రువము వద్ద మరల కణములై పుట్టునపుడు, ఒక రకపు అమ్మోనియము లవణము ఆ కణములను చుట్టుకొని వాటిని పెరుగనీయక నిలుపును. ప్రవాహ సాంద్రతను హెచ్చించినచో చిన్న కణములును, తగ్గించినచో పెద్ద కణములును లభించినవి. ఏలయన, ప్రవాహము తీవ్రమైనపుడు ఒక్కసారిగా అసంఖ్యాకమైన బీజములు పుట్టి, ఉన్న పదార్థమును పంచుకొనవలసి వచ్చును.

ఇచట ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఈ మార్గమున వెలువడు వ్యాసములలో, తూకము లేని మాటలు కొన్ని దొరలుచున్నవి. ఎక్స్‌కిరణముల రేఖ వెడల్పునుబట్టి, 1918లో షెరర్ ఇచ్చిన సూత్రముతో లెక్కించిన పరిమాణము స్ఫటిక ఖండమునకు చెందినదే గాని కణమునకు చెందినది కానక్కరలేదు. ఒక కణమున పెక్కు ఖండములు అతుకుకొని యుండవచ్చును. సూక్ష్మదర్శినిలో ఒక్క ఛాయాచిత్రమును తీసి, దానిలో గరుకుదనము కనబడినంతమాత్రమున రంధ్రములున్నవని వ్రాయుట న్యాయము కాదు. ద్రవ నత్రజని శీతలతయందు పొడిపై ఎంత నత్రజని నిలుచునో కొలిచి, 1938లో బ్రునావర్, ఎమ్మెట్, టెల్లర్ అనువారు చూపిన పద్ధతిని వైశాల్యమును గణించిన పిమ్మటనే ఆ మాట పలుకవలెను. రంధ్రము 2 నానోమీటర్లకు లోబడినదా, 2కును 50కిని నడుమనున్నదా, 50 దాటినదా అను విభాగము కూడ ఆ కొలతనుండియే వచ్చును. అన్నిటికంటె ముందు, ధనధ్రువపు రేకును ప్రయోగమునకు పూర్వమును పిదపను తూచి, ఫారడే చెప్పిన 1.22 గ్రాములకును, తక్కెడ చెప్పినదానికిని ఎంత భేదమున్నదో వ్రాయవలెను. భేదముండుట దోషము కాదు. రేకు వద్ద ఆమ్లజని పుట్టినను, రేకుపై పొర కప్పినను భేదము కలుగును. ఆ భేదమును చెప్పకుండుటయే దోషము. మన గురువర్యులున్నచో ఈ లెక్క లేని నివేదికను చదువకయే త్రిప్పి పంపెడివారని నా దృఢవిశ్వాసము.

రంధ్రములను క్రమబద్ధముగా నిర్మించు విషయమున అల్యూమినియమునకు సాటివచ్చు లోహము లేదు. దానిని ఆమ్లద్రావణమున ధనధ్రువముగా నిలిపినచో లోహము కరగిపోక, దాని మేనిమీద ఆక్సైడు పొర పెరుగును. 1923లో బెంగా, స్టువర్టు అనువారు ఇంగ్లండు దేశమున క్రోమికామ్లముతో ఈ పనిని చేసినపుడు వారి యుద్దేశము లోహమును తుప్పునుండి కాపాడుట మాత్రమే. ఆ పొర నిండ నిలువు బావులవంటి రంధ్రములు షట్కోణపు గదులలో, తేనెపట్టునందువలె బారులు తీరియున్నవని 1953లో కెల్లర్, హంటర్, రాబిన్సన్ నిరూపించిరి. జపానునందు మసుదా, సతో అనువారు 1996లో, మొదటి పొరను తీసివేసి రెండవమారు పొరను పెంచు ఉపాయముతో ఆ బారులను దాదాపు నిర్దుష్టముగా దిద్దిరి. రంధ్రమునకును రంధ్రమునకును గల దూరమును నిర్ణయించునది వోల్టేజి. సల్ఫ్యూరికామ్లమున 25 వోల్టులకు సుమారు 63 నానోమీటర్లు, ఆక్సాలికామ్లమున 40 వోల్టులకు సుమారు 100, ఫాస్ఫోరికామ్లమున 195 వోల్టులకు సుమారు 500. ఒక మీటను త్రిప్పుటచే, కంటికి కనబడని బావుల నడిమి దూరము మారుచున్నదన్న మాటను ఎన్నిమారులు తలచుకొన్నను నాకు విస్మయము తీరదు.

మన హైదరాబాదు చెంత బాలాపూరునందు, చూర్ణలోహశాస్త్రమునకును నూతన పదార్థములకును నెలకొల్పబడిన అంతర్జాతీయ కేంద్రము, జనవ్యవహారమున ఏఆర్‌సీఐ యనబడునది, ఈ విద్యనే మరియొక దిశకు నడిపినది. అచట క్షారద్రావణమున కొన్ని వందల వోల్టులను ప్రయోగించి, అల్యూమినియపు మేనిపై క్షణక్షణము మినుకు మినుకుమను సూక్ష్మమైన విద్యుజ్జ్వాలలచే పింగాణివంటి కఠినమైన అల్యూమినా పొరను కట్టుదురు. ఆ పొరలో లోపలి భాగము దట్టమై, వెలుపలి భాగము రంధ్రయుతమై యుండును. అరుగుదలకు తాళవలసిన యంత్రభాగములకు లోపలి భాగమే కావలసినది గనుక, అచట రంధ్రములు పోగొట్టదగినవి. ఒక పనికి ధనమైనది మరియొక పనికి లోపమగుచున్నది.

టైటానియమునకు ఇట్టి రంధ్రములను త్రవ్వుటకు ద్రావణమున ఫ్లోరైడు కావలెను. ఆ ఫ్లోరైడు అయానే పెరుగుచున్న ఆక్సైడును అడుగునుండి కరగించి, నిలువు నాళములుగా నిలుపును. పరిశోధనాలయమున ఇంత నేర్పుగా పనిచేయు ఈ అయాను తెలుగుదేశపు నూతినీటిలో చేసిన అపకారమో, చెప్పనలవి కానిది. 1937లో నాటి నెల్లూరు మండలమందలి పల్లెలలో పండ్లు గారపట్టి, వెన్నెముకలు బిగిసి, నడుములు వంగిన జనులను పరిశీలించి, షార్టు, పండిట్, రాఘవాచారి అను పరిశోధకులు త్రాగునీటిలోని ఫ్లోరైడే యందులకు కారణమని ప్రకటించిరి. తరువాత నల్లగొండ జిల్లా ఈ వ్యాధికి మారుపేరైనది. పటికయు సున్నమును కలిపి ఫ్లోరైడును దించు విధానమును నాగపూరునందలి జాతీయ పర్యావరణ పరిశోధనాసంస్థ రూపొందించినపుడు, దానికి నల్లగొండ పద్ధతియనియే పేరు వచ్చినది.

ఆ సంస్థయే పటికకు బదులు విద్యుత్తును వాడు మార్గమును సైతము చూపినది. నీటిలో అల్యూమినియపు పలకలను నిలిపి విద్యుత్తును పంపినచో, ఒక ఆంపియరు ఒక గంటలో 0.336 గ్రాముల లోహమును కరగించి, ఒక గ్రామునకు కొంచెము తక్కువగా అల్యూమినియం హైడ్రాక్సైడును పుట్టించును. అప్పుడే పుట్టిన ఆ మెత్తని, రంధ్రమయమైన అవక్షేపమునకు ఫ్లోరైడుపై గల ఆకర్షణ, కడవలలో నిలువచేసిన పాత పొడికి ఉండదు. పుట్టిన చోటనే, పుట్టిన క్షణముననే దానిని వాడుకొనుటలో విద్యుద్విధానపు గొప్పతనమున్నది. పటికతోబాటు నీటిలో చేరు సల్ఫేటు ఇచట చేరదు. అయినను నీటి ఆమ్లక్షారస్థితిని తటస్థతకు చేరువగా నిలుపవలెను, లేనిచో అల్యూమినియమే నీటిలో మిగిలిపోవును. అడుగున చేరిన ఫ్లోరైడు బురదను పొలములో పారబోయరాదు. లీటరునకు ఒక మిల్లిగ్రామునకు ఫ్లోరైడు దిగినదా లేదా అని నీటిని ప్రతిదినము పరీక్షింపవలెను. నదీజలము చేరిన ఊరికి ఈ పరికరముతో పనిలేదు. బోరునీరే గతియైన ఊరికి మాత్రము, పరీక్షించు మనిషిని నియమింపక పరికరమును మాత్రము నిలిపివచ్చుట ధర్మము కాదు.

నానో యను మాట పుట్టకపూర్వమే విద్యుత్తుచే రంధ్రయుత ఆక్సైడును టన్నులకొలది చేయు పరిశ్రమ యొకటి కలదని కూడ చెప్పవలెను. టార్చిలైటులోని బ్యాటరీకి కావలసిన మాంగనీసు డయాక్సైడును, 90 డిగ్రీలు మించిన వేడిమిగల మాంగనీసు సల్ఫేటు ద్రావణమునుండి ధనధ్రువముపై పేర్చుదురు. మాంగనీసు ఖనిజమునకు మన విజయనగరపు సీమ చిరకాలముగా పేరుపొందినది.

ఇక అనంతగిరి. వికారాబాదునుండి కొండనెక్కువారు బాటప్రక్కన చూచు ఎఱ్ఱని, చిల్లులుపడిన రాయి, 1807లో ఫ్రాన్సిస్ బుకానన్ మలబారు సీమ రాతినిబట్టి లాటరైటు అని పేరిడినదే. దక్కను నల్లరాతినుండి యుగయుగముల వానలు సిలికాను, సున్నమును, సోడియమును కడిగివేయగా, ఇనుము అల్యూమినియముల ఆక్సైడులు మిగిలి ఈ రాయియైనవి. నల్లరాతిలోని ఇనుము ఎఱ్ఱనగుట అనగా ఎలక్ట్రానును కోల్పోవుటయే గనుక, విద్యుత్పెట్టె లేకపోయినను అదియు అదే జాతి చర్య. కరగునది కరగిపోయి, కరగనిది రంధ్రములతో నిలిచినది. ఆ రంధ్రములలో వాననీరు ఇంకి మెల్లమెల్లగా ఊటలై దిగుచున్న ఈ కొండలలోనే మూసీనది పుట్టుచున్నది. ఈ కొండను గూర్చి మన కళాశాలలలో భూగోళ పాఠము చెప్పుదురు. రసాయన పాఠము కూడ చెప్పవలెనని నా ప్రార్థన.

కడపటి విషయము తాండూరునకు అత్యంత సన్నిహితమైనది. కరన్‌కోటలోని భారత సిమెంటు సంస్థ కర్మాగారము మొదలుకొని ఈ ప్రాంతపు సిమెంటు పరిశ్రమయంతయు సున్నపురాతిని కాల్చుటపై నిలిచినది. సిమెంటు కర్మాగారపు గొట్టమునుండి వెడలు బొగ్గుపులుసు వాయువులో సుమారు 60 శాతము రాతినుండియే వచ్చును, మిగిలినది బొగ్గునుండి. బొగ్గును మార్చినను రాతిని మార్చలేము. ఈ చిక్కును విప్పుటకు అమెరికాలో మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమునకు చెందిన లియా ఎల్లిస్, యెట్-మింగ్ చియాంగ్ ప్రభృతులు 2019లో ఒక మార్గమును ప్రకటించిరి. నీటిని విద్యుద్విశ్లేషణ చేయునపుడు ధనధ్రువము చెంత ఆమ్లమును, ఋణధ్రువము చెంత క్షారమును పుట్టును. ఆమ్లపు దిక్కున సున్నపురాయి చల్లగానే కరగును. కాల్షియము క్షారపు దిక్కునకు సాగి తడిసున్నమై సూక్ష్మమైన పొడిగా దిగును. బొగ్గుపులుసు వాయువు అప్పుడును పుట్టును; అయితే అది పొగతో కలిసి గాలిపాలు గాక, ఆమ్లజనితో మాత్రమే కూడి వేరుగా వచ్చుటచే పట్టి నిలువచేయుటకు అనువగును.

దీని ఖర్చు నేనిచ్చట లెక్కించి చూపెదను. ఒక టన్ను కాల్షియం ఆక్సైడునకు సరిపోవు తడిసున్నమును 2 వోల్టుల వద్ద తీయవలెనన్నచో సుమారు 1,900 యూనిట్ల విద్యుత్తు కావలెను. రాతిని కాల్చి విడదీయుటకు సిద్ధాంతరీత్యా చాలు ఉష్ణము 880 యూనిట్లకు సమానము. విద్యుత్తు రెట్టింపు దాటినట్లు కనబడును. కాని ప్రక్కనే 36 కిలోల ఉదజని లభించును. దానిని దహించినచో సుమారు 1,200 యూనిట్ల ఉష్ణము వచ్చును. తడిసున్నము సిలికాతో కలిసి సిమెంటగుటకు కొలిమి వేడిమి ఎటులును కావలెను గనుక, ఆ ఉదజనిని అచట వాడుకొనవచ్చును. ఈ లెక్క నిలుచునా లేదా అనునది విద్యుత్తు వెలపైనను, అది బొగ్గునుండి వచ్చినదా సూర్యునినుండి వచ్చినదా అనుదానిపైనను ఆధారపడును.

తాండూరు పాలిషింగు యంత్రములనుండి వెడలు రాతిబురద, కొనువారు లేక గుట్టలుగా పడియున్నది. అది ముందే మెత్తగా నూరబడిన సున్నపురాయి. దానిని ఆరబెట్టి, సోడియం నైట్రేటు ద్రావణమున, నడుమ అడ్డుపొర గల రెండు గదుల పాత్రలో, ధనధ్రువము దిక్కున వేసి, ఋణధ్రువము దిక్కున దిగిన తెల్లని పొడిని తూచుట మన కళాశాల విద్యార్థులకు సాధ్యమైన పని. వంటయుప్పును వాడరాదు, క్లోరిను వాయువు పుట్టును. గది కిటికీలు తెరచి యుంచవలెను, ఉదజని చేరిన చోట నిప్పు కూడదు. కరగిన రాయి ఎంత, దిగిన సున్నము ఎంత, మీటరు చూపిన కూలుంబులు ఎన్ని, ఫారడే లెక్కకు అది ఎన్ని పాళ్ళు తక్కువ, కరగక మిగిలిన మన్ను ఎంత, వేడిచేసిన పిమ్మట వచ్చిన ఆక్సైడు నీటిలో ఎంత త్వరగా విరిసినది అను ఆరు విషయములను ఒక పుస్తకములో వరుసగా వ్రాసినచో, వచ్చు సంవత్సరము ఈ వేదికపై నిలుచువారు ఆ పుస్తకమును చదివి వినిపింపవచ్చును.